జూన్ నుంచి ఏప్రిల్ దాకా సోషల్: పాఠం వచ్చేలోపే ఊరిని రాసిపెట్టుకోండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ సోషల్‌గా కొత్తగా చేరాను. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ నావే. పోయిన ఏడాది డిసెంబర్ నాటికి సగం సిలబస్ కూడా కాలేదు, తర్వాత పరుగులు పెట్టాను. పిల్లలేమో ప్రశ్న-జవాబు నోట్స్ చెప్పండి చాలు అంటున్నారు. ఈ జూన్ నుంచి ఏడాదంతా సోషల్‌ని ఎలా నడపాలి?"

మేడమ్, ముందు మీ టెన్షన్ సంగతి. డిసెంబర్‌లో సగం సిలబస్ మిగిలిపోవడం మీ ఒక్కరి కథ కాదు. నేను ఇరవై ఏడేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను, అంతా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెటూరి బడుల్లోనే. మొదటి ఐదారేళ్లు నాదీ ఇదే వరస. దసరా దాకా తీరుబడిగా నడిచేవాణ్ణి, సంక్రాంతి తర్వాత బస్సు వెళ్లిపోతోందన్నట్టు ఉరికేవాణ్ణి.

పాఠాల వరుస మార్చుకొమ్మని కొందరు సలహా ఇస్తారు. వినడానికి బాగుంటుంది, చేస్తే ఇరుక్కుంటారు. నెలవారీ సిలబస్ పైనుంచి వస్తుంది, ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పెద్ద పరీక్ష) పేపరు జిల్లా అంతటికీ ఒకటే వస్తుంది. మీరు నవంబర్ పాఠాన్ని జూలైలో చెప్పి జూలై పాఠాన్ని ఆపితే పరీక్షలో నష్టపోయేది పిల్లలు. వార్షిక ప్రణాళిక హెడ్మాస్టర్ గారికి ఇచ్చినట్టే ఉంచండి. దాని పక్కన ఇంకో క్యాలెండర్ పెట్టుకోండి, ఊరిది. ఊళ్లో వాన పడే నెల ఒకటి, వాన గురించిన పాఠం వచ్చే నెల ఇంకొకటి. ఊళ్లో జరిగినప్పుడు పది నిమిషాలు పెట్టి రాయించి ఉంచాలి. పాఠం వచ్చినప్పుడు ఆ రాసింది తెరవాలి. నేను చివరి పదిహేనేళ్లు చేసింది ఇంతే.

దీనికి తరగతికో పెద్ద లాంగ్ నోట్‌బుక్ చాలు. మేము "ఊరి నోట్‌బుక్" అనేవాళ్లం. రోజుకో విద్యార్థి వంతు. ఎనిమిదిలో మొదలుపెట్టిన నోట్‌బుక్ ఆ బ్యాచ్‌తో పాటే పదికి రావాలి. వేసవి సెలవుల్లో బీరువాలో పెట్టి తాళం వేయండి, లేకపోతే చెదలు పడతాయి. నావి రెండు అలాగే పోయాయి.

మొదటి పేజీ వాన. బడి తెరిచేది జూన్ రెండో వారంలో, మృగశిర కార్తె అప్పటికే వచ్చి ఉంటుంది. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది" అనే సామెత క్లాసులో సగం మందికి ఇంట్లో విని తెలిసే ఉంటుంది. ఆ సామెతతో మొదలుపెట్టి నైరుతి రుతుపవనాల దాకా రావడానికి అయిదు నిమిషాలు పట్టదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, పక్కలు నిటారుగా ఉన్నది తీసుకుని, భుజం దగ్గర కోసి, ఆ పైముక్కను తలకిందులుగా గరాటులా పెట్టండి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, పక్కలు నిటారుగా మొదలయ్యే చోటుదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. పైకి స్కేలు అతికించాలి. చెట్టు కింద కాదు, గ్రౌండ్ మధ్యలో పెట్టాలి. పొద్దున ప్రార్థన ముందు చూసి రాయాలి, రాశాక నీళ్లు మళ్లీ సున్నా గీతకు తేవాలి. వాన లేకపోతే "వాన లేదు" అని రాయాలి. ఇది చాలా ముఖ్యం, పిల్లలు దీన్నే ఎగ్గొడతారు.

ఒకరోజు మా నోట్‌బుక్‌లో 30 మిల్లీమీటర్లు అని ఉంది. ముప్పై మిల్లీమీటర్లంటే ఎంత వాన సార్ అని ఒకడు అడిగాడు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు పడితే లీటరు నీళ్లు. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. ముప్పైతో గుణించారు, లక్షా ఇరవై ఒక్క వేల లీటర్ల చిల్లర వచ్చింది. మా ఊరికి ఎండాకాలం వచ్చే ట్యాంకరు 5,000 లీటర్లది. అంటే ఒక్క ఎకరంలో ఒక్క రాత్రి ఇరవై నాలుగు ట్యాంకర్లు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. తర్వాత వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది: "మరి అవన్నీ ఎటు పోయినయ్ సార్?" నీటి వనరుల పాఠానికి ఇంతకంటే మంచి మొదటి వాక్యం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పదో తరగతిలో "భారతదేశ శీతోష్ణస్థితి" వచ్చే రోజున ఆ పేజీలు తీస్తే, జూలైలో పన్నెండు రోజులు వరసగా "వాన లేదు" అని కనపడుతుంది. ఆ పన్నెండు రోజుల్లో ఎవరింట్లో పత్తి గింజలు రెండోసారి పెట్టారో చేతులెత్తుతారు. రుతుపవనాల విరామం గురించి మీరు ఇంకేమీ నిర్వచనం రాయించక్కర్లేదు.

పటం గురించి నాకు కొంచెం మొండితనం ఉంది. విద్యా ప్రమాణాల్లో (పిల్లలకు ఏయే సామర్థ్యాలు రావాలో చెప్పే జాబితాలో) పట నైపుణ్యాలకు 15 శాతం భారం ఉంది, కానీ చాలా బడుల్లో పటం ఫిబ్రవరిలో బయటికొస్తుంది, అప్పుడు "ఈ పది స్థలాలు గుర్తుపెట్టుకోండి" అని చెప్తారు. అలా కాదు. రోజూ పీరియడ్ మొదట్లో మూడు నిమిషాలు. భారతదేశం రూపురేఖ చేత్తో, చూడకుండా. మొదటి నెల బంగాళాదుంపలా వస్తుంది, నవ్వుకోనివ్వండి. దసరా నాటికి దేశంలా వస్తుంది. ఆ మూడు నిమిషాల్లో ఒక్క గీతో ఒక్క చుక్కో చాలు. ఒకరోజు కర్కట రేఖ, ఇంకోరోజు అది దాటే ఎనిమిది రాష్ట్రాలు, మరోరోజు గోదావరి.

గోదావరి రోజున ఒక ప్రశ్న వేయండి. త్రయంబకేశ్వరం దగ్గర పుట్టే గోదావరికి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్ల దూరమే. అది వదిలేసి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికి ఎందుకు పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పకండి. నాలుగు రోజులు బోర్డు మూలన అలాగే ఉంచండి. పశ్చిమ కనుమలు, పీఠభూమి తూర్పుకు వాలడం, కనుమల వెనక వర్షచ్ఛాయ (కొండలు అడ్డుపడి వాన తగ్గే ప్రాంతం), నదుల పొడవు అన్నీ ఈ ఒక్క ముడిలో ఉన్నాయి. పదో తరగతిలో భౌగోళిక స్వరూపాలు, శీతోష్ణస్థితి, నదులు మూడు వేర్వేరు పాఠాలు. నేను ఈ ప్రశ్న పట్టుకుని మూడింటినీ కలిపి చెప్పి ఆరేడు పీరియడ్లు మిగుల్చుకునేవాణ్ణి. మీకు సమయం దొరికేది ఇలాంటి చోట్లే, స్పెషల్ క్లాసుల్లో కాదు.

ఇక చరిత్ర. ఎనిమిదిలో బ్రిటిష్, నిజాంల పాలనలో భూస్వాములు, కౌలుదార్ల పాఠం, తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో స్వాతంత్య్రోద్యమం ఉన్నాయి. ఇవి ఏ నెలలో వచ్చినా సెప్టెంబర్ 17 దగ్గర ఒక పీరియడ్ దీనికి ఖర్చు పెట్టండి. 2014లో నేను మా ఊరి ఒక ముసలమ్మను బడికి పిలిపించాను. ఎనభై అయిదేళ్లుంటాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అరుగు మీద చతికిలబడింది. పిల్లలు చుట్టూ చేరారు. రజాకార్లను (నిజాం పక్షాన ఉన్న సాయుధ దళాన్ని) చూశావా అవ్వా అంటే చూశానంది. ఏ సంవత్సరం అంటే, "ఏడు నాకేమెర్క బిడ్డా, మా పెద్దోడు చంకల ఉండె" అంది.

ఒక అమ్మాయికి వెంటనే ఆలోచన వచ్చింది. పెద్దోడి ఆధార్ కార్డు తెప్పించింది. దాని మీద 01-01-1950 అని ఉంది. క్లాసులో గొడవ మొదలైంది. పోలీసు చర్య, అంటే హైదరాబాదును భారత్‌లో కలిపిన సైనిక చర్య, 1948 సెప్టెంబర్ 13న మొదలై 17తో ముగిసింది, రజాకార్ల కథ అక్కడితో అయిపోయింది. 1950లో పుట్టినవాడు 1948లో చంకలో ఎలా ఉంటాడు? అవ్వ తప్పా, ఆధార్ తప్పా? సర్కారు కాగితం కాబట్టి అదే కరెక్టని సగం మంది. అప్పుడు ఒకడు లేచి, "సార్, మా తాతదీ జనవరి ఒకటే, మా పెదనాయనదీ జనవరి ఒకటే. మన ఊరంతా ఒక్క దినమే పుట్టిండ్రా?" అన్నాడు. అందరూ నవ్వారు, ఆ నవ్వులోనే తేలిపోయింది. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఎవరో ఒక అంచనా వేసి రాశారు. చంకలో బిడ్డ అంటే ఏడాదో ఏడాదిన్నరో, కాబట్టి 1947 అటూ ఇటూ పుట్టి ఉండాలి. ఆధారం అంటే ఏమిటి, కాగితాన్ని ఎప్పుడు అనుమానించాలి, జ్ఞాపకాన్ని ఎలా సరిచూడాలి అనేది నేను విడిగా ఎప్పుడూ చెప్పలేదు, ఆ రోజు వాళ్లే చేశారు.

తర్వాత అవ్వ వెట్టి గురించి చెప్పింది. ఎవరింటి నుంచి ఏది పోవాలో లెక్క ఉండేదట. చెప్పులు ఒకరు, కుండలు ఒకరు, కట్టెలు ఒకరు. దొర ఊరికి పోతే మేనా మోసేది ఒకరు. పైసా లేదు. "చెయ్యను అంటే ఏమవుతుండె అవ్వా?" అని ఒకడు అడిగితే ఆమె వాడి వంక చూసి, "చెయ్యనంటే ఊర్లుంటమా బిడ్డా?" అంది.

ఇక్కడ జాగ్రత్త చెప్పాలి మేడమ్. ఆ క్లాసులో వెట్టి చేసినవాళ్ల మునిమనవలూ ఉన్నారు, చేయించుకున్నవాళ్ల మునిమనవడూ ఉన్నాడు. వాడు మూడో బెంచీలో తల దించుకున్నాడు. రెండుమూడు తలకాయలు అటు తిరిగాయి. నేను వెంటనే చర్చను మనుషుల మీంచి చట్టాల మీదికి తిప్పాను. భూమి మీద హక్కు ఎవరికి ఉండేది, పన్ను ఎవరు వసూలు చేసేవారు, 1949లో జాగీర్ల రద్దు ఏం మార్చింది, 1950 కౌలుదారీ చట్టం ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు అని. సాయంత్రం ఆ పిల్లవాణ్ణి పిలిచి పటాలు మోసుకొచ్చే పని అప్పజెప్పాను. ఇంకేం మాట్లాడలేదు, మాట్లాడి ఉంటే వాడికి ఇంకా ఇబ్బందయ్యేది.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. అంతకుముందు ఒక ఏడాది "జనాభా" పాఠానికి ప్రాజెక్టు అని పిల్లల చేత ఇంటింటి సర్వే చేయించాను. కులం, ఆదాయం, అప్పు అన్నీ అడిగే ఫారం నేనే తయారుచేశాను, గర్వంగా. ఒక అమ్మాయి రెండు రోజులు బడికి రాలేదు. ఆమె ఇంటికి సర్వేకి వెళ్లింది ఆమె క్లాసు పిల్లలే, వాళ్ల నాన్న అప్పు మొత్తం చదువుకుంది క్లాసంతా. తప్పు పూర్తిగా నాది. అప్పట్నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను: వస్తువుల గురించి అడగాలి, మనుషుల జేబు గురించి అడగకూడదు. ఊళ్లో బోర్లు ఎన్ని, ఎన్నిట్లో నీళ్లున్నాయి, ట్రాక్టర్ వచ్చాక ఏ పని పోయింది, ఏ కొత్త పని వచ్చింది. వలసల పాఠానికీ ఇదే. పాలమూరు పల్లెల్లో కోతలయ్యాక కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయని మీకు చెప్పక్కర్లేదు. తిరిగొచ్చిన పిల్లవాడు తనంతట తాను చెప్తే వినండి, "నువ్వు చెప్పరా" అని నిలబెట్టకండి.

ధరల లెక్క మాత్రం ఎవరినీ నొప్పించదు. వారం వారం అంగడి రోజున నాలుగే నాలుగు ధరలు రాయించండి. తొమ్మిదిలో "ధరలు, జీవన వ్యయం" వచ్చినప్పుడు ఒక ఇంటికి నెలకు పట్టే పరిమాణంతో గుణించమనండి. గుండ్రని అంకెలతో చూపిస్తాను. జూన్‌లో టమాట నాలుగు కిలోలు కిలో 40 చొప్పున 160, ఉల్లిగడ్డ నాలుగు కిలోలు 30 చొప్పున 120, కందిపప్పు రెండు కిలోలు 150 చొప్పున 300, గుడ్లు 30, ఒక్కోటి 6 రూపాయల చొప్పున 180. మొత్తం 760. డిసెంబర్‌లో టమాట 20కి పడిపోయింది, ఉల్లి 45, పప్పు 160, గుడ్డు 7. మొత్తం 790. టమాట ధర సగమైంది, అయినా సంచి బరువు మారకుండా ఖర్చు పెరిగింది. జూన్‌ను 100 అనుకుంటే డిసెంబర్ దాదాపు 104. ధరల సూచీ అంటే ఇదే అని బోర్డు మీద అప్పుడు రాస్తే చాలు. ముందే రాస్తే బట్టీ పడతారు.

పన్నుల పాఠానికి బిల్లులు తెమ్మనకండి, ఊరి కిరాణా కొట్టులో బిల్లు ఎవరిస్తారు? పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కాగితం తెమ్మనండి. ఎమ్మార్పీ పక్కన అన్ని పన్నులతో కలిపి అని ఉంటుంది. బిస్కెట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకుముందు 18. పది రూపాయల్లో ఇప్పుడు పన్ను దాదాపు 48 పైసలు, అప్పుడు రూపాయి 53 పైసలు. "అంటే నేను కూడా ట్యాక్స్ కడుతున్నట్టేనా?" అని ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. పరోక్ష పన్ను పాఠం అక్కడ అయిపోతుంది. ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వస్తుంది, ఆ మర్నాటి పేపరు ఒకటి దాచి ఉంచండి.

పౌరశాస్త్రానికి నవంబర్ 26, రాజ్యాంగ దినోత్సవం, మంచి సందర్భం. ప్రార్థనలో ప్రవేశిక చదివించి వదిలేయకండి, 1946 డిసెంబర్ 9న మొదటిసారి కూర్చున్న రాజ్యాంగ సభ 1949 నవంబర్ 26 దాకా ఎందుకు వాదించుకుందో ఒక పీరియడ్ మాట్లాడండి. పంచాయతీ ఎన్నికలు వచ్చిన ఏడాదైతే మీ అదృష్టం. పోలింగ్ డ్యూటీ మనకెలాగూ తప్పదు, ఆ అలసటకు కొంత ప్రతిఫలమైనా దక్కుతుంది. సర్పంచ్‌కు గులాబీ బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్ల బ్యాలెట్ అని పిల్లలకు మనకంటే ముందే తెలుసు. నేను ఒక్క ప్రశ్న వేసేవాణ్ణి: సర్పంచ్‌ను ఊరు నేరుగా ఎన్నుకుంటుంది, ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. మరి ముఖ్యమంత్రి ఎన్నికయ్యేది సర్పంచ్‌లాగానా, ఉప సర్పంచ్‌లాగానా? పదో తరగతిలో కూడా మొదట అందరూ సర్పంచ్‌లాగానే అంటారు. అరగంట వాదన గ్యారంటీ.

ఇప్పుడు మీరు అడిగిన అసలు చిక్కు, నోట్స్. పిల్లలు నోట్స్ అడగడం సోమరితనం కాదు, భయం. ఎనిమిదికి వచ్చినా పేరా గడగడా చదవలేనివాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు, వాళ్లకు జవాబు సొంతంగా రాయమంటే చెయ్యి కదలదు. నేను జవాబులు ఇచ్చేవాణ్ణి కాదు, పాఠానికి పది మాటలు ఇచ్చేవాణ్ణి. వర్షచ్ఛాయ, పీఠభూమి, రుతుపవనం, ఇలా. ఆ పది మాటలూ వచ్చేలా ఎనిమిది వాక్యాలు రాయాలి. మొదట్లో రెండు వాక్యాలు వస్తాయి, అవీ తప్పులతో. ఎర్ర సిరా తక్కువ వాడండి. చదివి వ్యాఖ్యానించడం అనే ప్రమాణానికి వారానికి ఒక పేరా బోర్డు మీద రాసి, జవాబు కాకుండా దాని మీద ఒక ప్రశ్న రాయమనండి. ప్రశ్న రాయగలిగినవాడికి జవాబు వచ్చేసినట్టే. మరీ వెనకబడ్డ అయిదారుగురికి జనవరిలో నేనూ చిన్న జవాబులు రాసిచ్చేవాణ్ణి. సిద్ధాంతం కోసం ఎవరినీ పదిలో ఫెయిల్ చేయలేం కదా.

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టులు ఇంకో తలనొప్పి. గైడ్‌లోంచి దించిన ఆరు పేజీలు, స్కెచ్ పెన్నుతో బార్డరు, లోపల ఒక్క వాక్యం కూడా వాళ్లది కాదు. ఆరు పేజీలు వద్దని ముందే చెప్పండి. అర పేజీ, ఊరి నోట్‌బుక్‌లోంచి తీసిన ఒక పట్టిక, దాని కింద "నాకు తెలిసింది" అని నాలుగు ముక్కలు. అయిదు మార్కులకు అది చాలు, మీకు దిద్దడమూ తేలిక.

పదో తరగతి మాత్రం సంక్రాంతి సెలవులలోగా ముగించి తీరాలి, అక్కడ రాజీ లేదు. సెలవుల తర్వాత ప్రీఫైనల్, రివిజన్, మధ్యలో మీకు ఏదో ఒక ట్రైనింగ్. లెక్క వెనక నుంచి వేసుకోండి: సంక్రాంతి నుంచి వెనక్కి పీరియడ్లు లెక్కపెట్టి, బతుకమ్మ దసరా సెలవులు, పరీక్షల రోజులు, డ్యూటీలు తీసేసి, మిగిలినవాటిని పాఠాలకు పంచండి. కొన్ని పాఠాలకు రెండు పీరియడ్లే వస్తాయి. రానివ్వండి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ప్రపంచానికి ఎక్కువ ఇవ్వండి, అది ఊరి నోట్‌బుక్‌కు అందని పాఠం, మీ గొంతు మీదే నడవాలి. రాంపురం (ఒక పల్లె ఆర్థిక వ్యవస్థ గురించినది) లాంటి పాఠానికి తక్కువ చాలు, మీ పిల్లలు పుట్టిందే అలాంటి ఊళ్లో.

మూడు తరగతుల్లో ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ ఏడాది ఎనిమిదితో మాత్రం నోట్‌బుక్ పెట్టండి, తొమ్మిదికి ధరల లెక్క, పదికి పటం. వాన సీసాకు జూన్ మొదటి వారంలోనే ఏదో ఒక ఫంక్షన్ హాలు దగ్గర ఖాళీ సీసాలు ఏరి పెట్టుకోండి, గాలికి పడిపోతే వెంటనే ఇంకోటి ఉండాలి. కోసేటప్పుడు కత్తెర మీ చేతిలోనే ఉంచుకోండి, ఎనిమిదో తరగతివాళ్లకు ఇవ్వకండి.